నికోల్ పట్టకం ఆత్మకథ

కళాశాల ప్రయోగశాలలో ఏళ్లుగా దుమ్ము కప్పుకొని పడివున్న నికోల్ పట్టకం, ఉత్తమ పురుషలో మాట్లాడే గౌరవం తనకు మిగల్లేదని తలచి, తన చరిత్రను ప్రథమ పురుషలోనే చెప్పుకుంటున్నది. 1828లో ఎడిన్‌బరో వాసి విలియం నికోల్ కాల్సైట్ స్ఫటికాన్ని ఏటవాలుగా కోసి, కెనడా బాల్సం అనే జిగురుతో తిరిగి అతికించడంతో దాని జాతి పుట్టింది. స్ఫటికంలో రెండుగా చీలిన కిరణాలలో ఒకటి ఆ జిగురు పొర వద్ద సంపూర్ణాంతర పరావర్తనం చెంది పక్కకు తొలగిపోగా, ఒకే తలంలో కంపించే కాంతి, అంటే ధ్రువిత కాంతి, మాత్రమే బయటికి వస్తుంది.

విశాఖపట్నంలో బాల్యం గడిపిన సి.వి. రామన్ 1921లో నర్కుండా ఓడ మీద నుంచి నికోల్ గుండా సముద్రాన్ని చూసి, ఉపరితల ప్రతిబింబాన్ని అణచివేసినా నీలిమ పోలేదు గనుక అది ఆకాశపు నీడ కాదని తేల్చడం ఈ జాతి మరువని ఘనత. ఆ రామనే 1928లో కాంప్టన్ ఫలితాన్ని, అంటే ఎలక్ట్రాన్‌ను తాకిన ఎక్స్ కిరణపు తరంగదైర్ఘ్యం పెరగడాన్ని, సంప్రదాయ తరంగ సిద్ధాంతంతో వివరించబూనాడు. 1931లో మాత్రం ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతంతో కలిసి ఫోటాన్‌కు స్పిన్ ఉన్నదనడానికి ప్రయోగ నిదర్శనం ప్రకటించాడు.

పోలరాయిడ్ పలకలు చవకగా దొరకడంతో పట్టకానికి పని పోయింది. జిగురు పసుపుబారింది; మోహ్స్ కాఠిన్య మాపకంలో 3 దాటని ఆ మెత్తని స్ఫటికాన్ని ఎవరో రుమాలుతో గట్టిగా తుడిచి గీతలు పెట్టారు; చివరకు జాబితాలో దాని పేరు "పాత గాజుముక్క" అయింది, అది గాజే కాకపోయినా. అంతకన్నా బాధ మరొకటి. ఒకదానికొకటి లంబంగా నిలిపిన రెండు ధ్రువణకారుల మధ్య 45 డిగ్రీల కోణంలో మూడోదాన్ని పెడితే, ఆగిపోయిన కాంతి మళ్లీ కనిపిస్తుంది; నష్టాలు లేవనుకుంటే మొదటి కాంతిలో ఎనిమిదో వంతు. దీన్ని క్వాంటం మాయగా చూపేవారున్నారు గాని, విద్యుత్ క్షేత్రాన్ని అంశాలుగా విడదీస్తే 1809 నాటి మాలస్ నియమమే ఇందుకు సరిపోతుంది.

అయితే ఆ సంప్రదాయ తరంగ సిద్ధాంతానికీ హద్దు ఉన్నది. 1977లో కింబుల్, డాజనే, మాండెల్ సోడియం పరమాణువుల కాంతిలో ఫోటాన్లు ఒకదాని వెన్నంటే మరొకటి రాకుండా ఎడం పాటిస్తున్నట్లు చూపారు. ఏ సంప్రదాయ తరంగమూ దీనిని వివరించలేదు. కనుక విద్యార్థులకు ఫోటాన్ పాఠం మొదలుపెట్టే ముందు ఒక్కసారి రెండు నికోళ్లతో మాలస్ నియమాన్ని చేయించమని, రుమాలు మాత్రం వాడవద్దని పట్టకం అధ్యాపకులను కోరుతున్నది.