గుట్టు వాళ్ళది, రట్టు మనది

నూజివీడు మామిడిపండుకి యూరప్ వెళ్ళాలన్న కోరిక పుట్టిందంటే, ముందు తన పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పుకోవాలి. ఏ ఊరి తోట, ఏ రైతు, ఎన్ని ఎకరాలు, ఏ మందు ఎప్పుడు కొట్టారు, ఏ షెడ్డులో గ్రేడింగు చేశారు, అన్నీ కావాలి. ఎగుమతుల సంస్థ అపెడా వారి మ్యాంగోనెట్‌లో తోట పేరెక్కాలి, దానికో నంబరు పడాలి. ఆ పైన పురుగు లేదని సర్కారువారి ధ్రువపత్రం. ఇంత జాతకం చెప్పుకుని బంగినపల్లి పారిస్ చేరాక, దాన్ని కొన్న దొరసానిగారి పేరూ ఫోన్ నంబరూ దుకాణంవాడు ఊరికే అడిగి రాసి పెట్టుకుంటే మాత్రం అది చట్టవిరుద్ధం. పండుకి గుట్టు లేదు, పండు తిన్నమ్మకి ఉంది.

ఇందులో యూరప్‌ని తప్పుపట్టడానికేమీ లేదు. 2014 మే 1 నుంచి వాళ్ళు మన మామిడిని గుమ్మంలోకి రానివ్వలేదు. మామిడితో పాటు వంకాయ, కాకర, పొట్ల, చేమ కూడా బయటే నిలబడ్డాయి. పెట్టెల్లో పండు ఈగ కనబడిందన్నారు. మనవాళ్ళు తనిఖీలు గట్టి చేశాక 2015 జనవరిలో మామిడి మీద నిషేధం తీశారు. నాకు నచ్చింది వాళ్ళ పట్టుదల. పండులో ఈగ దూరినా ఊరుకోరు, ఫోనులో కంపెనీ దూరినా ఊరుకోరు.

ఫోనులో దూరినవాళ్ళ కోసం చేసిన చట్టం పేరు జీడీపీఆర్. 2018 మే 25న, సరిగ్గా మనకి రసాలు ముమ్మరంగా దిగే రోజుల్లో, అమల్లోకి వచ్చింది. మనిషి వివరం మనిషిదే. తీసుకునే ముందు ఎందుకో చెప్పాలి, అవసరానికి మించి తీసుకోకూడదు, చెరిపేయమంటే చెరిపేయాలి, దొంగలు పడితే 72 గంటల్లో అధికారులకి చెప్పుకోవాలి. తప్పితే కంపెనీకి ప్రపంచమంతటా వచ్చే రాబడిలో 4 శాతం దాకా జరిమానా. లాభంలో కాదు సుమండీ, రాబడిలో.

ఊరికే బెదిరించి వదల్లేదు కూడా. 2021లో లగ్జెంబర్గ్ వాళ్ళు అమెజాన్‌కి 74.6 కోట్ల యూరోలు వేశారు. 2023 మేలో ఐర్లండ్ వాళ్ళు ఫేస్‌బుక్ యజమాని మెటాకి 120 కోట్ల యూరోలు వడ్డించారు. మన లెక్కలో పదివేల కోట్ల రూపాయల పైమాట. యూరప్ జనం వివరాలు అమెరికా పంపినందుకట! 2025లో చైనా దారి పట్టించినందుకు టిక్‌టాక్‌కి 53 కోట్ల యూరోలు. లాస్ ఏంజెలెస్ టైమ్స్, షికాగో ట్రిబ్యూన్ లాంటి పత్రికలైతే చట్టం వచ్చిన రోజునే యూరప్ పాఠకుల మొహం మీద వెబ్‌సైటు తలుపులు వేసేశాయి. వాళ్ళ గుట్టు కాపాడటం కన్నా వాళ్ళకి వార్తలు చెప్పకపోవడమే చవక అనుకున్నారేమో.

మరి పెద్ద కంపెనీలు చితికిపోయాయా అంటే, లేదు. చితికింది చిన్నవాళ్ళు. ఈ చట్టం దెబ్బకి గూగుల్ ప్లే స్టోర్‌లో మూడోవంతు యాప్‌లు కనుమరుగయ్యాయని ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. పెద్దవాడు వందమంది వకీళ్ళని పెట్టుకుంటాడు, జరిమానా పడితే పై కోర్టుకి వెళ్తాడు, ఈలోపు వ్యాపారం చేసుకుంటాడు. మామూలు జనానికి దక్కిందల్లా ఏ వెబ్‌సైటు తెరిచినా ఎదురొచ్చే ‘అంగీకరిస్తున్నారా’ అనే అడ్డుబిళ్ళ. దాన్ని చదివేవాడు యూరప్‌లోనూ లేడు. విసుగెత్తి 2025 నవంబరులో యూరోపియన్ కమిషనే ఈ నిబంధనలు కొంత సడలిద్దామని ప్రతిపాదన పెట్టింది.

ఇంత గొడవలో మన నూజివీడుకి భాగం లేదనుకోకండి. ఇక్కడ 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది. ఇలాంటి చోట చదివి హైదరాబాదులో ఉద్యోగాలు చేసే పిల్లలు ఎక్కడో జర్మనీ బ్యాంకు ఖాతాదారుల గుట్టుకి కాపలా కాస్తుంటారు. ఏటా పరీక్ష రాస్తారు, సీటు లేస్తే స్క్రీన్‌కి తాళం వేస్తారు. వేసవికి సొంతూరొచ్చిన అలాంటి అబ్బాయికీ వాళ్ళ బాబాయికీ మాటలు ఎలా నడుస్తాయో ఊహించుకోవచ్చు.

“జర్మనీవాడి పుట్టినరోజు నీకు తెలిస్తే ఏమవుద్దిరా?”

“ఉద్యోగం పోద్ది బాబాయ్.”

“మరి నా పుట్టినరోజు యూరియా కొట్టువాడికి తెలుసు, సిమ్ కార్డు కుర్రాడికి తెలుసు, జిరాక్సు షాపులో మూల పడున్న కాగితాలకి కూడా తెలుసు. ఎవడి ఉద్యోగం పోయింది?”

అబ్బాయి దగ్గర జవాబుండదు. జర్మనీవాడికి రాసిన పరీక్షలో ఆ ప్రశ్న రాలేదు.

బాబాయి చెప్పింది కోతలేం కాదు. యూరియా బస్తాకి వేలిముద్ర, రేషను బియ్యానికి వేలిముద్ర, పింఛనుకి వేలిముద్ర. కాయ కోతల రోజుల్లో సొన కారి వేలు పొక్కిపోతే మిషను ఒప్పుకోదు. అప్పుడు ‘కళ్ళు చూపించు తాతా’ అంటారు. ఇక సర్వేల సంగతి. 2016లో ప్రజాసాధికార సర్వే అని ఇంటింటికీ వచ్చారు. 2019 ఆగస్టు 15 నుంచి యాభై ఇళ్ళకొక వాలంటీరు వచ్చాడు. 2025 జనవరి నుంచి వాట్సాప్‌లో ‘మన మిత్ర’ అనే సర్కారు సేవ వచ్చింది. ప్రభుత్వాలు మారాయి, నూజివీడు కూడా కృష్ణా జిల్లా నుంచి ఏలూరుకి మారింది. ఆధార్ నంబరు అడగడం ఒక్కటీ మారలేదు.

ఇచ్చిన వివరం ఇచ్చినచోటే ఉంటుందా? 2019 ఎన్నికల వేళ ఐటీ గ్రిడ్స్ అనే హైదరాబాదు కంపెనీ దగ్గర రెండు తెలుగు రాష్ట్రాల ప్రజల ఆధార్ వివరాలున్నాయని కేసు పెట్టారు. ఎంతమందివి? ఆధార్ సంస్థ ఫిర్యాదు ప్రకారం 7.82 కోట్ల మందివి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్ర జనాభా 8.46 కోట్లు. వివరాలు పోయినవాళ్ళని కాక, పోనివాళ్ళని వెతుక్కోవడమే సులువన్నమాట. దొంగ మీరంటే మీరని పార్టీలు తిట్టుకున్నాయి. వివరాల సొంతదారుల్ని మాత్రం ఎవరూ పలకరించలేదు.

సరే, మనకీ చట్టం ఉంది. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా చెప్పారు. ఆరేళ్ళు ఆలోచించి 2023లో వ్యక్తిగత వివరాల రక్షణకని డీపీడీపీ చట్టం చేశారు. ఇంకో రెండేళ్ళు ఆలోచించి 2025 నవంబరులో నిబంధనలు తెచ్చారు. కంపెనీలు పాటించాల్సిన ముఖ్యమైన సెక్షన్లకి మరో 18 నెలలు గడువిచ్చారు. మామిడి అంటు పాతినా ఈపాటికి కాపుకొచ్చేది.

జరిమానా 250 కోట్ల దాకా అని రాశారు, బాగుంది. కానీ అందరికన్నా ఎక్కువ వివరాలు పోగేసేది ప్రభుత్వం. తనకి నచ్చిన ప్రభుత్వ సంస్థని దేశభద్రత, శాంతిభద్రతల పేరు చెప్పి ఈ చట్టం నుంచి తప్పించే అధికారం కేంద్రం తన చేతిలోనే ఉంచుకుంది. అంతటితో ఆగలేదు. ఇదే చట్టంతో సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని కత్తిరించింది. ఇదివరకు ప్రజాప్రయోజనం ఉందంటే వ్యక్తిగత సమాచారం ఇవ్వొచ్చని ఆ నిబంధనలోనే ఉండేది. ఇప్పుడక్కడ మిగిలింది ‘వ్యక్తిగత సమాచారం ఇవ్వనక్కర్లేదు’ అన్న ముక్క. ప్రజాప్రయోజనం మాట వేరే సెక్షన్‌లో ఇంకా ఉంది గానీ, ఆఫీసులో ఆ పేజీ తిప్పేదెవరు? గాలివానకి కాయ రాలి నష్టపోయిన రైతు, మా ఊళ్ళో పరిహారం ఎవరెవరికి వచ్చిందో చెప్పండని అడిగాడనుకోండి. తోటే లేనివాడికి తోట నష్టం డబ్బు పడిందేమోనని అతని అనుమానం. ‘అది వారి వ్యక్తిగత సమాచారం’ అని రాసి పంపడానికి గుమాస్తాకి ఇప్పుడు మంచి వాక్యం దొరికింది. అడిగినవాడి ఎకరాలు, కాపు, అప్పు, వేలిముద్ర అన్నీ ఆ గుమాస్తా కంప్యూటర్లోనే ఉంటాయి. యూరప్ చట్టం కంపెనీ నుంచి మనిషిని కాపాడాలని చూసింది. మన చట్టం మనిషి నుంచి ఆఫీసుని కాపాడేలా ఉంది.

అయినా అందులో మనకి పనికొచ్చే ముక్క ఒకటుంది, గుర్తుపెట్టుకోండి. వివరాలు అడిగేవాడు ఏవి, ఎందుకు అడుగుతున్నాడో నోటీసు ఇవ్వాలి. దాన్ని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో మనకి కావలసిన దాంట్లో చూసుకునే వీలుండాలి. ఆ 22లో తెలుగుంది. గడువు 2027 మేలో తీరుతుంది. అప్పటికి రసాలు మార్కెట్లో ఉంటాయి, మీరూ తీరిగ్గా ఉండరు, అయినా సరే, ఏ యాప్‌వాడు అంగీకారమడిగినా తెలుగు నోటీసు ఇవ్వమనండి. ఇవ్వకపోతే ఫిర్యాదు చేయండి. ఫిర్యాదు నిజమైనదే అయ్యుండాలి సుమండీ. తప్పుడు ఫిర్యాదు చేసిన పౌరుడికి పదివేల దాకా జరిమానా వేయడం అదే చట్టంలో మరిచిపోకుండా రాసుకున్నారు.