బొట్టు పెట్టిన బ్లేడు

బాన్సువాడలో యాసంగి వడ్లు అమ్ముడుపోయి చేతిలో నాలుగు పైసలు పడ్డాయంటే రెండు చప్పుళ్లు మొదలవుతాయి. ఒకటి బ్యాండు మేళం, రెండోది కోత మిషను. ఈ ఎండాకాలం నేను రెండోదాని పాలబడ్డాను. కూల్చేసిన పెంకుటింటి దూలం ఒకటి ఉంటే, చీరించి రెండు దర్వాజలు చేయిద్దామని బోధన్ రోడ్డులో ఒక కార్ఖానాకు మోయించుకుపోయాను. మోయించుకుపోయినప్పుడు అది టేకు. కోత అయ్యాక చూస్తే సగం బొగ్గు.

అంచు పొడుగునా నల్లటి చార. నడుమ వంకర. పొగ వాసన. మేస్త్రిని అడిగితే తడుముకోకుండా తీర్పు చెప్పాడు: "బ్లేడ్ మంచిగనే ఉన్నది సార్, మీ కట్టెల్నే ఫరక్ ఉన్నది."

నిజాంసాగర్ కట్టక ముందు నుంచీ మా ఇంటి కప్పును మోసిన దూలం అది. ఆ ప్రాజెక్టు 1931లో పూర్తయింది. ఇన్నేళ్లు ఎండకూ వానకూ రాని ఫరక్, మిషను మీదికి ఎక్కిన ఐదు నిమిషాల్లో వచ్చిందట. ఆడలేక మద్దెల ఓడన్న సామెతను ఇన్నాళ్లూ నాట్యకత్తెల మీద రుద్దాం, పాపం.

అంతలోనే పంచాయితీ కూడింది. మన దగ్గర మిషను ఆగితే చాలు, దారిన పోయే ప్రతివాడూ ఇంజినీరే. కరెంటాయన లో వోల్టేజీ అన్నాడు. హార్డ్‌వేర్ షాపాయన "ఈ కంపెనీది కాదు, ఆ కంపెనీది కొనాల్సింది" అన్నాడు. ఆ కంపెనీది ఆయన షాపులోనే ఉంటుందని వేరే చెప్పాలా? ఛాయ్ తాగడానికి వచ్చిన ఒక పెద్దమనిషి, మోటారు ఈశాన్యంలో ఉంటే కోత ఎట్లా కుదురుతుందని నన్నే నిలదీశాడు. చివరికి అందరికీ ఆమోదమైన కారణం ఒకటి తేలింది: నర దిష్టి. కార్ఖానా కుర్రాడు పోయి నిమ్మకాయ, మిరపకాయలు తెచ్చి స్విచ్‌బోర్డుకు వేలాడదీశాడు.

ఇంతమంది పెద్దల్లో ఒక్కరూ ప్లగ్గు పీకి ఆ బ్లేడు మొహం చూడలేదు.

అట్లాగని మిషను మీద భక్తి లేదనుకునేరు. దసరాకు దానికి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ సరేసరి. ఆ రోజును విమోచన దినమనాలో విలీన దినమనాలో పార్టీలు తేల్చుకునేలోపే మిషను మెడలో దండ పడిపోతుంది. 2023లో సరిగ్గా అదే తేదీన కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం మొదలుపెట్టి, వడ్రంగంతో కలిపి 18 వృత్తులవారికి పనిముట్ల కోసం 15,000 రూపాయల దాకా ఇస్తామంది. మంచిదే. ఉన్న పనిముట్టును కడుక్కునే పథకమే ఇంకా రాలేదు.

ఐటీఐలో ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పి రిటైరైన మా బావగారు ఆ పూట నాతోనే ఉన్నారు. అప్పటిదాకా నోరు మెదపని మనిషి లేచి, "తమ్మీ, ఆ ప్లగ్గు పీకు. బ్లేడ్ ఊడదియ్, ఒకసారి చూద్దాం" అన్నారు. తీశాడు. బ్లేడు మీద పోయిన దసరా బొట్టు ఇంకా మసగ్గా ఉంది. పళ్ల సంగతి ఏం చెప్పను? ఇరవై ఏళ్లు జర్దా నమిలిన నోరు చూశారా, అదీ సంగతి. కట్టెలోని జిగురు వేడికి కరిగి, పొట్టుతో కలిసి, నల్లటి పక్కు కట్టింది. బావగారు గోటితో గీకితే తారులా లేచి వచ్చింది. దాని కింద, కందిబద్దలో సగమంత ఉండే కార్బైడ్ ముక్కల అంచులు గుండ్రంగా అరిగి ఉన్నాయి. రెండు పళ్లకైతే ముక్కలే లేవు. పాత దూలాల్లో దాక్కున్న మేకులు మింగేశాయి. పైగా టేకులో సహజంగానే సిలికా ఉంటుంది, అంటే ఇసుకలో ఉండే సరుకే. అది ఎంత గట్టి పంటినైనా అరగదీస్తుంది.

"సాన పట్టిస్తలేవా?"

"మొన్ననే పట్టించిన సార్. వెల్డింగ్ షాపుల."

అక్కడి బూడిదరంగు రాయి గొడ్డళ్లకూ కొడవళ్లకూ పనికొస్తుంది. కార్బైడ్‌కు వజ్రపు పొడి చక్రమే కావాలి. రాయి మీద పెట్టి చేతి అంచనాతో రుద్దితే ఒక పన్ను పొడుగు, ఒక పన్ను పొట్టి అవుతుంది. పొడుగువి పని చేస్తాయి, పొట్టివి ఊరికే తిరిగి వస్తాయి. మన ఆఫీసుల్లో అలవాటైన పద్ధతే కాబట్టి ఎవరికీ వింతగా అనిపించలేదేమో.

ఇక అసలు గొప్ప. మేస్త్రి ఛాతీ విరిచి చెప్పాడు: "ఎనభై పళ్ల బ్లేడ్ సార్! ఎన్ని పళ్లుంటే అంత మంచిగ కోస్తది."

ఈ సిద్ధాంతం ఒక్క బాన్సువాడది కాదు, ఏ ఊరికి పోయినా ఇదే. ఎనభై పళ్లు ప్లైవుడ్‌కు, అడ్డకోతకు. దూలాన్ని నిలువునా చీరాలంటే పది అంగుళాల బ్లేడుకు ఇరవై నాలుగు పళ్లు చాలు. పన్నుకూ పన్నుకూ మధ్య సందు పెద్దగా ఉంటేనే పొట్టు బయటికి పోతుంది. సందు లేకపోతే పొట్టు అక్కడే నలిగి, వేడెక్కి, కట్టెను కాలుస్తుంది. నా దర్వాజకు పడ్డ నల్ల చార అదే.

అది చాలక, కట్టెను ఆనించి తోయడానికి పక్కన బిగించిన పలక కూడా వంకరే. బావగారు ఒక పన్నుకు పెన్సిలుతో గుర్తు పెట్టి, ముందువైపు పలక దాకా టేపుతో కొలిచారు. బ్లేడు తిప్పి అదే పన్నును వెనక్కి తెచ్చి మళ్లీ కొలిచారు. వెనక ఒక సూతు తక్కువ. అంటే కట్టె ముందుకు పోయేకొద్దీ బ్లేడుకూ పలకకూ మధ్య ఇరుక్కుంటోంది. ఇరుక్కున్నప్పుడు మేస్త్రి చేసే వైద్యం ఒకటే: "జర జోర్‌గ నూకాలె."

ఎదురుగా ఉన్నదేమిటో తెలిసి నూకితే బాగుండేది. పది అంగుళాల బ్లేడు నిమిషానికి 2,880 చుట్లు తిరిగితే దాని అంచు గంటకు 138 కిలోమీటర్ల వేగంతో మన వైపుకే వస్తుంది. కోసిన చీలిక మూసుకుపోయి బ్లేడును పట్టేయకుండా వెనక సన్నటి ఇనుప రేకు ఒకటి ఉండాలి. లేదు. పైన మూత ఉండాలి. ఉంది, గోడవారన బోర్లా పడి, ఛాయ్ గ్లాసులు పెట్టుకోవడానికి. అనుభవం ఎన్నేళ్లని అడిగితే మేస్త్రి ఎడమ చెయ్యి చూపించాడు. నాలుగు వేళ్లున్నాయి. ఈ వృత్తిలో సర్వీసు రికార్డు అట్లా రాస్తారు.

గోడ మీది మేకుకు ఒక ఇరవై నాలుగు పళ్ల బ్లేడు వేలాడుతోంది. పళ్లు తక్కువని దాన్ని మూలకు పెట్టారు. బావగారు దాన్ని దింపించి, వేడినీళ్లలో బట్టలుతికే సోడా కలిపి అరగంట నానబెట్టించి, పాత టూత్‌బ్రష్‌తో తోమించారు. తుడిచి, ఆరబెట్టి, బాణం గుర్తు చూసి ఎక్కించారు. పలకను సూతు జరిపి బిగించారు. మిగిలిన సగం దూలం వెన్నలా తెగింది. చార లేదు, పొగ లేదు.

మేస్త్రి మొహం వెలిగిపోయింది. స్విచ్‌బోర్డు వైపు చూసి దండం పెట్టుకున్నాడు. "చూసిండ్రా సార్, నిమ్మకాయ కట్టినంక ఎట్ల కోస్తున్నదో!"

మీ ఊళ్లో కోత మిషను మొరాయిస్తే మీరూ నిమ్మకాయ కట్టండి, కాదనను. కట్టే ముందు ప్లగ్గు పీకి, ఆ బ్లేడు పళ్లు ఒకసారి తోమండి.