అరికాలి వంపు గురించి పోలీసు నియామక మండలి వారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ మండలి పెద్దలకు,

హైదరాబాదు అశోక్‌నగర్‌లో కోచింగ్ కుర్రాళ్ల హాస్టళ్ల మధ్య కాపురముంటున్న ఒక రిటైర్డు డ్రిల్లు మాస్టారు నమస్కరించి వ్రాయునది.

మీ వైద్య పరీక్షలో కాళ్ల మీద ఎంత శ్రద్ధండీ! మోకాళ్లు రాసుకోకూడదు, వేళ్లు కొంకి తిరగకూడదు, అరికాలు చదునుగా ఉండకూడదు. 2022 నోటిఫికేషన్ లెక్కన 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తిన కుర్రాడు కూడా అరికాలి వంపు దగ్గర ఆగిపోవచ్చు. అందుకే మా వీధి పిల్లలు స్నానం కాగానే పొడి గచ్చు మీద తడి అడుగు వేసి వంగి చూసుకుంటారు. అచ్చు నడుమ సన్నబడితే ఆ రాత్రి పరుగు పరీక్ష పెట్టే అంబర్‌పేట సీపీఎల్ గ్రౌండు కలలోకొస్తుంది. నిండుగా పడిందా, టిఫిన్ సహించదు.

అయ్యా, ఆ వంపు చిన్నతనంలో ఏర్పడేది. 1992లో రావు, జోసెఫ్ అనే ఇద్దరు డాక్టర్లు మన దేశంలోనే 2,300 మంది పిల్లల పాదముద్రలు చూశారు. చెప్పులో బూట్లో వేసుకునేవారిలో నూటికి 8.6 మందికి చదును పాదాలు; వట్టికాళ్లతో తిరిగేవారిలో 2.8 మందికే. వేళ్లు మూసే బూట్లు వేసుకునేవారిలో మరీ ఎక్కువట.

మన బళ్లలో ఎల్‌కేజీ నుంచే బ్లాక్ షూస్, శనివారం వైట్ షూస్. తెల్ల కాన్వాసుకు చాక్‌పీసు రుద్దారా అని చూస్తారే గాని, లోపల వేళ్లు ముడుచుకున్నాయా అని ఎవరూ చూడరు. ఇంట్లోవాళ్లకేమో ఒక జత రెండేళ్లు రావాలి: మొదటి ఏడు ముందు దూది, రెండో ఏడు ముడుచుకున్న వేళ్లు. ఆ ముడుచుకోవడమే ముదిరితే మీ జాబితాలో 'హామర్ టో' అవుతుంది.

పెద్దయ్యాక హవాయి చెప్పులు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లే కుర్రాళ్ల మడమల కింద రబ్బరు అప్పడమంత పలచన. అవి జారకుండా వేళ్లతో పట్టుకుని నడవాలి. కొత్తవి కొనరు, కోచింగ్ ఫీజు బాకీ ఉంటుంది.

నేరమంతా బూట్లదే అనను, వంశపారంపర్యమూ ఉంటుంది. చదును పాదాలున్న చాలామందికి జన్మలో నొప్పి తెలీదు కూడా. అయినా మీరు అభ్యర్థిని ఇంటికి పంపుతారు, బడికి మాత్రం ఏ నోటీసూ వెళ్లదు.

కనుక మీ ఫారంలో ఒక గడి పెంచండి: 'ఎల్‌కేజీలో వేసిన బూట్ల సైజు, కొలిచినవారి సంతకం'. కాళ్లు కాస్త ఉబ్బే సాయంత్రం వేళ కొలిచి, ముందు బొటనవేలి వెడల్పు జాగా వదిలారో లేదో కూడా రాయించండి.

ఇట్లు,
ఒక డ్రిల్లు మాస్టారు

నకలు: బ్లాక్ షూస్ తప్పనిసరి చేసిన బడులన్నిటికీ, జూన్ 12న తలుపులు తీసేలోపు అందేలా.