పెట్రోలు తాకని వాల్వుని

నేను ఇన్‌టేక్ వాల్వుని. హైదరాబాదులో తిరిగే ఒక టర్బో పెట్రోలు కారులో, రెండో సిలిండరు మీద ఉంటాను. ఇంజిను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే నేను సెకనుకు 25 సార్లు తెరుచుకుంటాను. తెరుచుకున్న ప్రతిసారీ గాలి నా మెడను రాసుకుంటూ సిలిండరులోకి దూకుతుంది. గాలి మాత్రమే. పెట్రోలు నన్ను తాకదు.

నా కష్టమంతా అక్కడే ఉంది. పాత తరం ఇంజిన్లలో ఇంజెక్టరు గాలి దారిలో, నా వెనకే ఉండేది. పెట్రోలు వాల్వు వీపు మీద పడి, అందులో కలిపిన డిటర్జెంటుతో మురికిని కడుగుతూ లోపలికి వెళ్లేది. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో ఇంజెక్టరు నేరుగా సిలిండరులోకే చిమ్ముతుంది, 200 బార్ల ఒత్తిడితో, కొన్నింట్లో 350 దాకా. దానివల్ల లోపలి గాలి చల్లబడుతుంది, కంప్రెషన్ పెంచుకోవచ్చు, చిన్న ఇంజినుకే ఎక్కువ బలం వస్తుంది. 1996లో మిత్సుబిషి తన గాలంట్ కారులో ఈ పద్ధతి తెచ్చింది. తర్వాత మిగతావాళ్లూ ఒక్కొక్కరే ఇటు వచ్చారు. దాన్ని నేను తప్పుపట్టను. నాకు మాత్రం స్నానం కరువైంది.

మరి మురికి ఎక్కణ్ణుంచి వస్తుంది? చాలావరకు ఆయిలు నుంచే. మండిన వాయువులు కొద్దికొద్దిగా పిస్టన్ రింగులు దాటి కిందికి జారి, అక్కడి ఆయిలు ఆవిరినీ తుంపరనూ వెంటబెట్టుకుంటాయి. వాటిని బయటికి వదలడానికి కాలుష్య నిబంధనలు ఒప్పుకోవు కనుక పీసీవీ గొట్టం గుండా తిరిగి గాలి దారిలోకే పంపుతారు. ఆ దారి చివర, 200 డిగ్రీలు దాటిన వేడితో, నేనుంటాను. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను రెక్కలకు పోపు పొగ జిడ్డులా పట్టినట్టే ఆ ఆయిలు నా మెడకు పడుతుంది. నా వేడికి మాడి, గట్టి కార్బన్ అవుతుంది. కాడ చుట్టూ ఉన్న రబ్బరు సీలు నుంచి జారే ఆయిలు, ఎగ్జాస్ట్ వైపు నుంచి వెనక్కి తన్నే మసి కూడా అక్కడే పేరుకుంటాయి.

మా మేడమ్ ఆఫీసు దారి చిన్నది, ట్రాఫిక్ పెద్దది. పొద్దున స్టార్ట్ చేయగానే మిస్సింగ్ కొట్టడం, ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు పికప్ తగ్గడం మొదలయ్యాయి. షెడ్డులో పెద్ద మెకానిక్ మానిఫోల్డ్ విప్పి టార్చి వేశాడు.

"చూడున్రి మేడమ్, కార్బన్ ఎంత పట్టిందో. గాలి పోనీకి జాగనే లేదు."

"ట్యాంకులో క్లీనర్ పోయిస్తూనే ఉన్నాను కదన్నా?"

"అది ఇంజెక్టర్ల దాక పోతది. వాల్వుల మీద పడనే పడదు."

అక్రోటు పెంకుల పొడిని గాలి ఒత్తిడితో నా మీద కొట్టారు. అది కార్బన్‌ను ఊడగొడుతుంది కానీ ఉక్కును గీరదు. నేను పూర్తిగా మూసుకున్నప్పుడే కొట్టాలి, లేకపోతే పొడి సిలిండరులో పడుతుంది. ఆ రోజు నా మెడ మళ్లీ వెలుతురు చూసింది.

తర్వాత ఆయిలు మాట వచ్చింది. డబ్బా మీది 5డబ్ల్యూ-30 చిక్కదనాన్ని మాత్రమే చెబుతుంది. నాకు కావలసిన అంకె వేరే ఉంది, నోయాక్. ఆయిలును 250 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, ఎంత శాతం ఆవిరైందో తూచి చెప్పే పరీక్ష అది. అమెరికా ప్రమాణం జీఎఫ్-6 దీన్ని 15 దాకా ఒప్పుకుంటుంది, ఐరోపా ప్రమాణం ఏసీఈఏ సీ3 13 దగ్గర ఆపుతుంది. పీఏవో అనే సింథటిక్ మూల నూనెను ఎక్కువగా వాడి చేసిన మంచి ఆయిళ్లు 10 లోపే ఉంటాయి. ఎంత తక్కువ ఆవిరైతే నా దాకా అంత తక్కువ వస్తుంది. ఈ అంకె సాధారణంగా డబ్బా మీద కనపడదు, కంపెనీ ఇచ్చే సాంకేతిక పత్రంలో వెతకాలి. సింథటిక్ అని రాసి ఉందని చూసి తృప్తిపడితే సరిపోదు, ఆ పేరు కింద రకరకాల నూనెలు అమ్ముడవుతాయి.

అయితే నా ఒక్కదాని కోసమే ఆయిలు ఎంచకూడదని గట్టిగా చెబుతాను. టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో తక్కువ వేగంలో భారం పడ్డప్పుడు స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకునే ప్రమాదం ఉంది. ఆయిలులో కాల్షియం డిటర్జెంటు ఎక్కువైతే అది పెరుగుతుంది, ఒక్కోసారి పిస్టనే పగులుతుంది. 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ అనే ఆయిలు ప్రమాణంలో ఆ ప్రమాదానికి కూడా పరీక్ష ఉంది. అందుకే ముందు మాన్యువల్ అడిగిన గ్రేడు, ప్రమాణం కుదరాలి. కుదిరిన డబ్బాల్లోంచి నోయాక్ తక్కువున్నది తీసుకోవాలి.

ఎంత మంచి ఆయిలైనా పట్టిన కార్బన్‌ను కడగదు, పట్టడాన్ని నెమ్మదింపజేస్తుంది. నిజమైన మందు ఇంజిను గీసేవాళ్ల చేతిలో ఉంది. టొయోటా డీ-4ఎస్ ఇంజిన్లలో గాలి దారిలో కూడా ఒక ఇంజెక్టరు ఉంచారు, అక్కడి వాల్వులకు ఇప్పటికీ పెట్రోలు స్నానం దొరుకుతుంది.

మా మేడమ్ పత్రాలు చదివి డబ్బా తెచ్చింది. చిన్న ప్రయాణాల్లో పెట్రోలు ఆయిలులో కలిసి పలచన చేస్తుందని, మాన్యువల్ చెప్పిన కిలోమీటర్లకన్నా ముందే మార్పిస్తానంది. ఆయిలు పోస్తూ మెకానిక్ డబ్బాలో మిగిలింది కూడా వంచబోతే, డిప్‌స్టిక్ తుడిచి చూపించి ఆపింది. గీత దాటితే క్రాంకు దాన్ని చిలికి మరింత తుంపర లేపుతుంది, ఆ తుంపర వచ్చేది నా మీదికే.