మైనపు దిమ్మ కథ

ఈ కథలోని పారఫిన్ బ్లాక్ పుట్టిల్లు అండమాన్‌లో, పోర్ట్‌బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయ పురం) దగ్గరి డైరీ ఫార్మ్. అక్కడి ఒక తెలుగింటి ఆవిడ రొమ్ములోంచి తీసిన గడ్డలో ఒక ముక్క దాని ఒళ్లు. ఆపరేషన్ అయిన వెంటనే ముక్కను ఫార్మలిన్‌లో వేశారు. అలా వేయడం గంట దాటితే ప్రొటీన్లు చెడిపోసాగుతాయి, ఆ తర్వాత పరీక్ష చెప్పేదాన్ని పూర్తిగా నమ్మలేం. పిదప ఆల్కహాల్‌తో నీరు లాగేసి, జైలీన్‌లో ముంచి, కరిగిన మైనంలో పెట్టి గట్టిపరిచారు. అలా తయారైన బ్లాక్ ఏళ్ల తరబడి నిలుస్తుంది.

ఈ బ్లాక్ మధ్యలో క్యాన్సర్ ఉంది. ఒక అంచున మాత్రం కణాలు కాస్త పెరిగినా హద్దు దాటని పాల నాళాలున్నాయి. కణాల పెరుగుదలను నడిపే వృద్ధి కారకాలు ఈ రెండు చోట్లా ఉంటాయి. ఆడపిల్ల ఎదిగే వయసులో పాల నాళాలు కొమ్మలు వేయాలన్నా, గర్భంతో ఉన్నప్పుడు పాల గ్రంథులు నిండాలన్నా అవి కావాల్సిందే. వీటిలో ఎపిడర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్‌ను కనుగొన్న స్టాన్లీ కోహెన్‌కు 1986లో రీటా లెవీ-మోంటాల్చినీతో కలిపి నోబెల్ ఇచ్చారు. కొత్త రక్తనాళాలను రప్పించే వీఈజీఎఫ్ హానిలేని గడ్డల్లోనూ కనబడుతుంది, క్యాన్సర్‌లో తరచూ ఎక్కువ. టీజీఎఫ్-బీటా నడతే విచిత్రం. మామూలు నాళాల్లో కణ విభజనకు కళ్లెం వేసేది అదే. ముదిరిన క్యాన్సర్ కణాలు ఆ కళ్లేన్ని లెక్కచేయవు సరికదా, చుట్టుపక్కలకు పాకడానికి దాన్నే వాడుకుంటాయి. కనుక ఏ కారకం ఎంత ఉందని అడిగితే చాలదు, ఏ కణంలో, ఏ దశలో అన్నది ముఖ్యం.

చికిత్సను మార్చేసే పరీక్ష హెర్2ది. హెర్2 వృద్ధి కారకాల కబురు అందుకునే గ్రాహకాల కుటుంబంలోది. రొమ్ము క్యాన్సర్లలో సుమారు 15–20 శాతంలో దీని జన్యువు ప్రతులు పెరిగి, కణం పైపొర హెర్2తో నిండిపోతుంది. అలాంటి రోగుల్లో జబ్బు త్వరగా తిరగబెడుతుందని 1987లో డెన్నిస్ స్లామన్ బృందం చూపింది.

ఆ పరీక్ష కోసం ఈ బ్లాక్ మెయిన్‌లాండ్‌కు వెళ్లింది. ఫలితం కోసం ఈ నిరీక్షణ ద్వీపవాసులకు భారమే, అయినా మానుకోదగ్గ పరీక్ష కాదు. అక్కడ మైక్రోటోమ్ మీద నాలుగు మైక్రాన్ల మందాన పొర కోసి, గోరువెచ్చని నీటిపై తేల్చి, ముడత పడకుండా స్లైడ్ మీదికి ఎత్తారు. హెర్2కు అతుక్కునే యాంటీబాడీ పట్టించాక క్యాన్సర్ కణాల అంచులు చేపల వల కళ్లలా ముదురు గోధుమరంగులో తేలాయి. అంచున ఉన్న పాల నాళాలకు రంగు అంటీ అంటనట్టే ఉంది. అవీ ముదురుగా పట్టి ఉంటే రంగు పట్టించడంలోనే లోపమని అనుమానించి మళ్లీ చేసేవారు. పది శాతానికి మించిన క్యాన్సర్ కణాల్లో పైపొర చుట్టూ గాఢంగా రంగు పడితే 3+. ఈ బ్లాక్‌కు వచ్చింది అదే. 2+ వచ్చి ఉంటే ఫిష్ పరీక్షలో జన్యు ప్రతులు లెక్కపెట్టాల్సి వచ్చేది.

3+ వచ్చినవారికి ట్రాస్టుజుమాబ్ అనే మందు పనిచేసే అవకాశం ఉంది. 1998లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందుకు బయోకాన్ తయారుచేసిన బయోసిమిలర్ 2014లో మన దేశంలో దొరకసాగింది. ఆవిడకు కీమోతో పాటు అది మొదలైంది. గుండె బలం తగ్గించే అవకాశం ఉన్న మందు కాబట్టి ముందే ఎకో తీశారు, కోర్సు సాగినంత కాలం సుమారు మూడు నెలలకోసారి తీస్తూనే ఉంటారు.