బాతు పందెం

సంక్రాంతికి పుట్టింటికొచ్చిన అక్కకి తమ్ముడి గది తలుపు ఎప్పుడు చూసినా వేసే ఉంది. "ఉద్యోగం మానేసి గేములు తయారుచేస్తున్నాడట" అంది అమ్మ. ఏం చేస్తున్నాడో చూసి రమ్మని తొమ్మిదేళ్ల కొడుకుని పంపింది అక్క.

మామయ్యకి కావలసిందీ అదే.

"మొదలుపెట్టడమేరా అసలు కష్టం. దీన్ని బెవీ అంటారు. రస్ట్ భాషలో రాసిన గేమ్ ఇంజన్, 2020లో వచ్చింది, పైసా కట్టక్కర్లేదు. యూనిటీలా ఎడిటర్ ఉండదు, అంతా టెర్మినలే. ఇదిగో, కార్గో జనరేట్ అని కొట్టి, టూడీ టెంప్లేట్ ఇచ్చి, పేరు చెబితే చాలు."

ఎంటర్ కొట్టగానే ఫోల్డర్లు బిలబిలా పుట్టుకొచ్చాయి. కోడ్ ఒకచోట, బొమ్మలూ చప్పుళ్లూ అసెట్స్‌లో, టైటిల్ స్క్రీన్ సహా అన్నీ సిద్ధం. (అందులో అంత ఆనందం ఏముందో ప్రోగ్రామర్లకే తెలుసు.)

"నువ్వు చేసిన గేములు చూపించు మామయ్యా."

'చార్మినార్ రేస్' తెరిస్తే ఒక బాతు. యారో నొక్కితే నడుస్తుంది, కుడి అంచు దాటితే ఎడమ అంచులోంచి వస్తుంది. 'కొల్లేటి వేట'లోనూ అదే బాతు. కొల్లేరు కదా, సరే అనుకున్నాడు పిల్లాడు. 'పల్నాటి కోడిపందెం'లోనూ బాతే.

"కోడేది?"

"బాతు టెంప్లేట్‌తో పాటే వస్తుందిరా. మార్చడం ఎంతసేపు? అసెట్స్‌లో డకీ డాట్ పీఎన్‌జీ ఉంటుంది, దాని మీద గీసుకుంటే సరి. మళ్లీ కంపైల్ కూడా అక్కర్లేదు, విండో మూయకుండానే బొమ్మ మారిపోతుంది. అసలు పనంతా ఆర్కిటెక్చర్‌లో ఉంది."

ఆ ఊపులో ఇంకో కొత్త పేరు కొట్టాడు, ఈసారి త్రీడీ. వందలకొద్దీ క్రేట్లు (రస్ట్ లైబ్రరీలు) ఒక్కొక్కటే కంపైలవడం మొదలైంది. "ఇదయ్యేలోగా టీ తాగొస్తా, ఏమీ కెలక్కు."

వంటింట్లో అక్క అడిగింది, "ఎంతవరకు వచ్చిందిరా?"

"మొదలుపెట్టానక్కా."

"పోయిన పండక్కీ అదే అన్నావు."

టీ గ్లాసుతో తిరిగొచ్చేసరికి కంపైల్ ఇంకా నడుస్తూనే ఉంది. దాని పక్కన పెయింట్ తెరిచి ఉంది. 'పల్నాటి కోడిపందెం' విండోలో బాతు నెత్తిన వంకరటింకర ఎర్ర తురాయి, కాలికి బూడిదరంగు కత్తి.

పిల్లాడు తెర మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

"మామయ్యా, నీ కోడిపందెం మొదలెట్టేశాను. మిగతావి కూడా మొదలెట్టనా?"