రాయవరపు నాణెపు వాక్యమునకు టీకా తాత్పర్యము

మూలము:
“ఆయ్, పాతదేనండి మావయ్యగారూ. పుస్తకంలో అచ్చం ఇలాంటిదే ఉందండి.”

అవతారిక:
గోదావరి సీమలోని రాయవరమున ఒక గృహస్థు పెరటికి మెరక తోలించగా మట్టిలో బిళ్ళ యొకటి దొరికెను. ఒకవైపు ఏనుగు, రెండవవైపు నాలుగు సున్నలు కూడిన ఉజ్జయిని గుర్తు. మేనల్లుడు దానిని చింతపండుతో తోమి (దీనికి ప్రాయశ్చిత్తము లేదు) పలికిన వాక్యమిది.

టీక:
ఆయ్ = చిత్తము. పాతదే = ఇచ్చటి ఏవకారము సాహసము; హనుమంతుని బొమ్మతో 1818 అని ఉండు ఈస్టిండియా కంపెనీ బిళ్ళలను కంపెనీ ఎన్నడును ముద్రింపలేదు, చూచుటకు అవియు పాతవే. పుస్తకంలో = రాప్సన్ దొర 1908లో బ్రిటిష్ మ్యూజియమునకు కూర్చిన ఆంధ్ర (అనగా శాతవాహన) రాజుల నాణెముల కేటలాగులో; పీఠిక దాటి నేరుగా ఫలకములకే పోయెనని భావము. అచ్చం ఇలాంటిదే = చిక్కంతయు ఇచ్చటనే.

శంక: బొమ్మ కలిసినది గదా, ఇంకేమి కావలెను?

సమాధానము: ఏనుగు ఒక్కరి సొత్తు కాదు. సాతకర్ణి, పుళుమావి, యజ్ఞశ్రీ మొదలుగా పలువురు దానినే వేయించిరి. వారిని వేరుచేయునవి చుట్టునున్న బ్రాహ్మీ అక్షరములు. అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది యగుటచే సగము అక్షరములు అంచు అవతల పడిపోవును. “సాతకణిస” ఒక్కటే మిగిలినచో ఏ సాతకర్ణియో తేలదు. మరికొన్ని శాతవాహన నాణెములపై తల్లిపేరు ఉండును. “గోతమిపుత” వరకు చదివి సంతోషించినను గౌతమీపుత్ర సాతకర్ణియా, యజ్ఞశ్రీయా అన్నది మిగిలియే ఉండును.

ఇక లోహము. సీసమా, రాగిలో తగరము, సీసము కలిసిన పోటినా? ఫలకములలోనివి ప్లాస్టరు అచ్చుల ఫోటోలు. అన్నిటి రంగు ఒక్కటే. లోహము, తూకము వచనమున చదువవలెను. మేనల్లుడు తూచలేదు. బంగారపు కొట్టు కాటా వీధి మలుపులోనే కలదు.

శంక: ఫలకములలో లేనిచో అపూర్వమనవచ్చునా?

సమాధానము: అనరాదు. 1939లో విదర్భలోని తర్హాళలో ఏనుగు పోటిన్ నాణెముల రాశి బయటపడి, పురాణములెరుగని కుంభ సాతకర్ణి వంటివారిని చూపినది. కోటిలింగాలలో ఛిముకుడను రాజు పేరి నాణెములు వెలుగుచూడసాగినది 1970ల నుండి. రాప్సన్ వీనిని చూడలేదు. ఐ.కె. శర్మ గ్రంథము (1980) వంటివి తిరగవేయక “ఎవరికీ దొరకనిది” అనువాడు బియ్యమును లాగు మహిమ గలదని పాత బిళ్ళలమ్ము రైస్ పుల్లింగ్ మోసపు బేరగానికి ఎదురుపోవుచున్నాడు.

విశేషము:
దొరికిన చోటును బట్టి పేరు పెట్టుటయు కుదరదు. రాజమహేంద్రవరపు రాజరాజనరేంద్రుని బంగారు నాణెములు బర్మా తీరపు చెదూబా దీవిలో దొరికినవి. అందునా ఈ మెరక మట్టి ఏ చెరువుదో ట్రాక్టరువాడే చెప్పవలెను. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు మించినచో కలెక్టరుకు తెలుపవలెనను 1878 నాటి చట్టము మూలమున లేదు. మావయ్యగారి ముఖమున మాత్రము స్పష్టముగా కలదు.

తాత్పర్యము:
మావయ్యగారూ, ఏనుగు, గుర్తు శాతవాహనుల పోలికనే ఉన్నవి. రాజెవరో తెలియదు, అక్షరములు నేను తోమివేసితిని.

పాఠాంతరము:
కొందరు “పాతదేనాండి?” అని చదువుదురు. అదియే సాధుపాఠమని మా మతము.